తుమ్మబంక కవర్లు

పదో తరగతిలో వెనుకబడిన పిల్లలకు సాయంత్రం స్పెషల్ క్లాసు చెబుతుంటే బ్యాగులో ఫోన్ మోగింది. స్కూలు గ్రూపులో పీఈటీ సారు పెట్టిన కబురు: "మన పెద్దసారు ఇక లేరు." దాని కింద అప్పటికే దండాలు పెట్టే చేతుల బొమ్మలు బారులు తీరాయి. నేను ఏ బొమ్మా పెట్టలేదు. బోర్డు మీద సగంలో ఆగిన లెక్క వైపు చూస్తూ నిలబడిపోయాను. ముందుగా వచ్చింది ఏడుపు కాదు, కోపం. నిజమే చెబుతున్నాను. మా తగువు తెగనే లేదు, మధ్యలో లేచి ఎట్లా పోతారు సార్ అనిపించింది.

మర్రిగూడ వైపు ఓ హైస్కూల్లో ఎనిమిదేళ్ళు మేమిద్దరం లెక్కల టీచర్లం. ఆయన పెద్ద, నేను చిన్న. తరగతికి రెండు సెక్షన్లు, ఒకటి ఆయనది, ఒకటి నాది. స్టాఫ్‌రూంలో ఒకే బల్లకు అటు ఆయన, ఇటు నేను. మా తగువు కూడా ఒక్కటే. మేం చెప్పే చదువుతో పిల్లల బుర్ర మారుతుందా, మారదా? మారదని ఆయన. మారకపోతే మనమెందుకు, ఈ బడి ఎందుకు అని నేను.

మనిషి పొడుగు, బక్కపలచన. తెల్లచొక్కా కుడిచేతి మడత ఎప్పుడూ సుద్దపొడితో ఉండేది. మోకాళ్ళు బాగాలేవు, కుర్చీలోంచి లేవాలంటే బల్లను రెండు చేతులా పట్టుకునేవారు. బడి దగ్గరే కిరాయి గదిలో ఉండి, శనివారం సాయంత్రం నకిరేకల్ ఇంటికి పోయి, సోమవారం మొదటి బస్సుకు దిగేవారు. దిగేటప్పుడు సంచిలో నిమ్మకాయలు. స్టాఫ్‌రూంలో ఒక్కొక్కరి ముందు ఒక్కొక్క నిమ్మకాయ పెట్టి, హాజరు పట్టీ తీసుకుని వెళ్ళిపోయేవారు. నాతో శనివారం ఎంత గొడవ పడ్డా నా నిమ్మకాయ నాకు వచ్చేది.

క్లాసులో ఆయన నోట "తప్పు" అనే మాట నేను వినలేదు. పిల్ల ఏం జవాబు చెప్పినా, "ఎట్లొచ్చింది?" అనేవారు. తప్పుకీ అదే, ఒప్పుకీ అదే. కొత్త పిల్లలు హడలిపోయేవారు. ఒప్పు చెప్పినవాడు కూడా ఆ ఒక్క మాటకు బిక్కచచ్చి జవాబు మార్చేసేవాడు. "మార్చకు బిడ్డా, ఎట్లొచ్చిందో చెప్పు, గంతే" అని బతిమాలేవారు ఆయన. ఇంత ఓపిక ఉన్న మనిషి, స్టాఫ్‌రూంలోకి వచ్చి టీ గ్లాసు పట్టుకుని ఏమనేవారంటే:

"మేడం, బోరు మోటరు మారిస్తె కింద నీళ్ళు పుడ్తయా? ఉన్న నీళ్ళే పైకొస్తయ్. మనం మోటర్లం."

నాకు మండిపోయేది. "మరి ఊళ్లెకు నది నీళ్ళు రాలేదా సార్? కింద ఉన్న ఫ్లోరైడు నీళ్ళే తాగుమంటె మన పిల్లల పండ్లు ఇంకా గట్లనే గారపట్టి ఉండేటివి."

"వచ్చినయ్," అని ఒప్పుకునేవారు నెమ్మదిగా. "తెచ్చినోడు బడిపంతులు అయితె కాదు."

అప్పుడు నా కథ నేను చెప్పాను. మాది మేళ్ళచెరువు. నాయిన సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాల దగ్గర పని. అయిదో తరగతి దాకా నాకు తీసివేత రాలేదు. బడిలో అందరూ మొద్దు అనేవాళ్ళు, మా అవ్వతో సహా. ఆరులో ఒక టీచరమ్మ నన్ను పట్టుకుంది. ఆమె లేకపోతే నేను ఇవాళ్టికీ ఆ దుమ్ములోనే ఉండేదాన్ని. "నా బుర్ర మారింది గదా సార్! నేనే సాక్ష్యం!" అన్నాను.

ఆయన వేళ్ళ మీది సుద్దపొడి ఊదుకున్నారు. "మీకు ముందే ఉండె మేడం. ఆమె బయటికి తీసింది."

"అంటె పిల్లకు వస్తె ముందే ఉన్నట్టు, రాకపోతె లేనట్టు! ఎటు తిప్పినా మీరే గెలుస్తరు. ఇదేం లెక్క సార్?"

"లెక్క గింతే మేడం," అని నవ్వేవారు. ఆ నవ్వంటే నాకు ఒళ్ళుమంట.

నోటిమాటతో ఆగితే సరిపోయేది. కవర్లు కూడా పెట్టేవారు. ఆరో తరగతిలో పిల్లలు చేరిన మొదటివారం ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచేవారు. "గా కొసకాన్నుంచి గీ కొస దాంక అడుగుకు అడుగు ఆనిచ్చి నడువు బిడ్డా. ఎన్నొస్తయో చెప్పు." పిల్ల లెక్కపెట్టుకుంటూ నడిచి, నూట పదిహేనో, నూట ఇరవయ్యో చెప్పేది. అప్పుడాయన చెప్పు విడిచి, తన పాదాన్ని పిల్ల పాదం పక్కన పెట్టేవారు. "మరి నేను నడిస్తె ఎన్నొస్తయ్?"

కొందరు అదే అంకె చెప్పేవారు. సారుది పెద్ద కాలు కదా అని కొందరు ఇంకా ఎక్కువ చెప్పేవారు. ఒకరిద్దరు కళ్ళు మూసుకుని కాసేపు ఆలోచించి తక్కువ చెప్పేవారు. ఆయన ఎవరినీ సరిదిద్దేవారు కాదు. ఎట్లొచ్చింది అని అడిగి, విని, పంపేవారు. పదిహేను రోజులు అట్లా చూసి, ఒక కాగితం మీద రెండు సెక్షన్ల పిల్లల పేర్లూ రాసి, పేరు పక్కన ఒక అంకె వేసేవారు. ఈ పిల్లకు అయిదేళ్ళ తర్వాత పదో తరగతి లెక్కల్లో ఎన్ని పాయింట్లు వస్తాయో ఆ అంకె. అప్పట్లో మార్కులు చెప్పేవాళ్ళు కాదు, పదికి ఇన్ని పాయింట్లని గ్రేడే ఇచ్చేవాళ్ళు. పది అంటే మొనగాళ్ళు, నాలుగు అంటే గట్టెక్కినట్టు, మూడు అంటే తప్పినట్టు. ఆ కాగితాన్ని ఖాకీరంగు కవరులో పెట్టి, తుమ్మబంకతో అంటించి, స్టాఫ్‌రూం బీరువాలో పాత మ్యాపుల కింద దాచేవారు. తుమ్మబంక ఆయనే తెచ్చుకుని చిన్న సీసాలో నానబెట్టుకునేవారు. బజారులో దొరికే గమ్ము మీద ఆయనకు నమ్మకం లేదు.

ఫలితాల రోజు అయిదేళ్ళనాటి కవరు విప్పడం మా బడిలో ఒక పండగ. హెడ్మాస్టరు మిరపకాయ బజ్జీలు తెప్పించేవారు. పీఈటీ సారు ఒక్కొక్క పేరూ గట్టిగా చదివేవాడు, కంప్యూటరులో వచ్చింది ఒకరు చెప్పేవారు. పదిమందిలో తొమ్మిదిమందికి అచ్చుగుద్దినట్టు అదే అంకె. అందరూ చప్పట్లు. నేను మాత్రం బజ్జీ ముట్టేదాన్ని కాదు. ఆ పిల్లలతో అయిదేళ్ళు అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నది మేం. ఆరో తరగతిలో పదిహేను రోజులు చూసి రాసిన అంకే వచ్చేట్టయితే, మధ్యలో అయిదేళ్ళు మేం చేసిందేమిటి?

అదే అడిగాను. "గా అంకె కిందికి పడకుంట చూసినం మేడం. గది తక్కువ పనా?" అన్నారు. ఆయన దృష్టిలో అది తక్కువ పని కాదు. నాకు మాత్రం కాపలా ఉద్యోగంలా వినపడింది.

నేను వచ్చిన ఏడాది ఆరో తరగతిలో చేరిన పిల్ల అనిత. తల్లి పత్తి ఏరే కూలి, తండ్రి లేడు. వరండాలో దానికి నూట ఇరవై అడుగులు వచ్చాయి. మరి నేను నడిస్తే ఎన్ని అని సారు అడిగితే, ఆయన కాళ్ళ వంక జాలిగా చూసి, "మీరు నడవరు గద సార్, మీకు మోకాళ్ళ నొప్పులాయె" అంది. నేను పకపకా నవ్వాను. ఆయనా నవ్వారు.

"గిది తెలివి కాదా సార్?" అన్నాను ఆ పిల్ల వెళ్ళాక.

"తెలివే. లెక్కల తెలివి కాదు" అని కాగితం మీద ఏదో గీసుకున్నారు.

అనిత నా సెక్షన్‌లో పడింది. ముత్యాల్లాంటి రాత. ఎక్కాలు ఇరవై దాకా గడగడా అప్పజెప్పేది. ఒకే పద్ధతి లెక్కలు వంద ఇచ్చినా చేసేది. కాస్త అటూ ఇటూ తిప్పి అడిగితే మాత్రం కలం ఆగిపోయేది, కళ్ళలో వెలుగు ఆరిపోయేది. అది ఎనిమిదిలో ఉండగా ఓ మధ్యాహ్నం ఆయనకూ నాకూ పెద్ద గొడవ అయింది. ఏ మాట మీద మొదలైందో గుర్తులేదు. ఆయన క్లాసుకు వెళ్ళిపోయారు. మేకుకు తగిలించిన తాళంచెవి తీసి, బీరువా తెరిచి, మ్యాపుల కింద నుంచి అనిత బ్యాచి కవరు లాగాను. అంటించిన చోట తడిగుడ్డ అద్దితే తుమ్మబంక కరిగి ఊడివచ్చింది. పేర్ల మీద వేలు పెట్టుకుంటూ పోయాను.

అనిత పేరు పక్కన మూడు.

అంటే తప్పుతుందని! పదకొండేళ్ళ పిల్లకు, చేరిన పదిహేను రోజులకే! కాగితం మళ్ళీ లోపల పెట్టి, హెడ్మాస్టరు బల్ల మీది గమ్ము సీసాతో అంటించి, ఎక్కడిదక్కడ పెట్టేశాను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఈ పిల్ల బుర్ర మార్చి చూపిస్తాను, ఆ మూడును ఆయన చేతే కొట్టేయిస్తాను అని.

మూడేళ్ళు. మధ్యాహ్నం అన్నం తిని పిల్లలందరూ ఆడుకుంటుంటే అనిత నా ఎదుట. ఆదివారాలు నేనుండే నల్గొండ నుంచి బస్సెక్కి వాళ్ళ ఇంటికి పోయి చెప్పాను. తల్లి పత్తిచేలోంచి వచ్చి గడపలో కూర్చుని చూసేది. ఒకరోజు అంది: "మేడం, నా బిడ్డ పాసైతె సాలు. పాసైతె మా తమ్ముడు నల్గొండల ఇంటర్ల ఏస్త అన్నడు. తప్పితె మాత్రం నాతోని పత్తికి తీస్కపోత. నన్ను ఏమనొద్దు మరి."

"పాసేంది అమ్మా, ఏడు పాయింట్లు తెప్పిస్త చూడు!" అన్నాను. ఆమెకు కావలసింది పాసు. ఏడు నాకు కావాలి. ఆ తేడా నాకప్పుడు పట్టలేదు.

పదిలోకి వచ్చాక మా బడుల్లో ఒక పద్ధతి ఉంది. వెనుకబడిన పిల్లలను తలా అయిదుగుర్ని టీచర్లకు దత్తత ఇస్తారు. వాళ్ళకు తప్పకుండా వచ్చే పదిహేను ప్రశ్నలు ఏరి, జవాబులు అచ్చు వేయించి, బట్టీ పట్టిస్తారు. గట్టెక్కడానికి అది చాలు. హెడ్మాస్టరు ఆ కాగితాల కట్ట నా బల్ల మీద పెట్టి, "మేడం, అనితకు గివి పట్టియ్యండి. పాసైతది, ఫికర్ లేదు" అన్నారు. నేను కట్టను పక్కకు నెట్టేశాను. బట్టీ పట్టిస్తే బుర్ర మారినట్టు ఎలా అవుతుంది? గెలిచినా ఆ గెలుపు నాది కాదు. సంక్రాంతి సెలవులు దాటేదాకా ఆ కట్ట విప్పలేదు. ఆ పిల్ల పాసు కావడం కంటే నా మాట నెగ్గడం నాకు పెద్దదైపోయింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఒకరోజు సగం బడి ముందు నోటుబుక్కు విసిరికొట్టాను. "ఎన్నిసార్లు చెప్పాలె? గింత సులువుది కూడ రాదా నీకు?" అని అరిచాను. అనిత ఏడవలేదు. పోయి బుక్కు తెచ్చుకుని, పావడాతో దుమ్ము తుడిచి, మళ్ళీ నా ఎదుట కూర్చుని అదే పేజీ తీసింది. పెద్దసారు వరండాలోంచి చూశారు. ఫిబ్రవరిలో నాకు భయం పట్టుకుంది. ఆ కట్ట విప్పి, రాత్రీపగలూ బట్టీ పట్టించాను.

ఫలితాలు వచ్చిన రోజు బజ్జీలు చల్లారిపోతున్నాయి. పీఈటీ సారు చదివాడు: "అనిత. పెద్దసారు రాసింది మూడు." కంప్యూటరు దగ్గరున్నాయన అన్నాడు: "వచ్చింది నాలుగు!" స్టాఫ్‌రూం హోరెత్తింది. "మేడం గెలిచింది! పెద్దసారు పార్టీ ఇయ్యాలె!" నేను నవ్వానే కానీ లోపల కుతకుత ఉడికిపోతున్నాను. మూడేళ్ళకు ఒక్క పాయింటా? అదైనా నాదా, ఆ పదిహేను ప్రశ్నలదా?

అందరూ వెళ్ళాక ఆయన కవరును వేళ్ళ మధ్య తిప్పుతూ అన్నారు: "మేడం, గీ కవరు మీరు ఇప్పిండ్రు గదా."

నేను బజ్జీల ప్లేట్లు సర్దడం మొదలుపెట్టాను.

"తుమ్మబంక ఎండితె ఎర్రగ అయితది. గిది తెల్లగున్నది. రెండేండ్ల కింద మ్యాపు తీసేటప్పుడు చూసిన."

"మరి ఎందుకు అడగలే సార్?"

"అడిగితె మీరు గా పిల్లకు చెప్పుడు బంద్ చేస్తరేమో అని." బల్లను పట్టుకుని లేచారు. "నేను అంటించేది మీకు కనవడొద్దని కాదు మేడం. నేను మర్చిపోనీకి. అంకె కండ్ల ముంగట పెట్టుకుంటె పిల్ల కనవడది. రాసి అంటిస్తె నా నెత్తిలకెల్లి బయటికి పోతది."

"మర్చిపోయేదానికి రాసుడెందుకు?" అన్నాను. నా తప్పు పట్టుబడిపోయిన ఉక్రోషం.

"రాయకుంటె పోదు మేడం. లోపల్నే తిరుగుతది."

అప్పుడు ఆ మాటకు విలువ ఇవ్వలేదు. ముసలాయన తప్పించుకుంటున్నాడు అనుకున్నాను.

మరుసటేడు కరోనా వచ్చింది. పరీక్షలు మధ్యలోనే ఆగిపోయి, బడిలో మేం వేసిన మార్కులతోనే అందరినీ పాస్ చేసేశారు. మేమేమైనా తక్కువ తిన్నామా, చాలామందికి పదికి పది. "చూసిండ్రా సార్, అందరి బుర్రలు ఒక్కపాలి మారినయ్!" అని పీఈటీ సారు ఫోన్లో ఆటపట్టించాడు. ఆ ఏటి కవరును ఆయన విప్పనివ్వలేదు. "పరీక్షే లేకపాయె, ఏమని చూస్తం" అన్నారు. తర్వాత రెండేళ్ళకు రిటైరయ్యారు. సన్మానంలో ఎవరో ఎన్నో జీవితాల్లో వెలుగులు నింపారని మైకులో అంటుంటే, శాలువా సర్దుకుంటూ, "నేనేం నింపలే. ఉన్నది ఒలకకుంట చూసిన" అన్నారు. జనం నవ్వారు. నాకు మాత్రం ఆ రోజూ కోపమే వచ్చింది.

రిటైరయ్యాక ప్రతి జూన్‌లో ఫోన్ చేసేవారు. "కొత్తగ ఆరులకు వచ్చినోళ్ళు ఎట్లున్నరు మేడం?" నేను ముక్తసరిగా మాట్లాడి పెట్టేసేదాన్ని. కిందటేడు మంచాన పడ్డారని తెలిసింది. నకిరేకల్ ఎంత దూరమని? పోలేదు. పోతే మళ్ళీ అదే వాదన, మళ్ళీ ఆ నవ్వు. ఇప్పుడు ఆ నవ్వు చూడాలన్నా లేదు.

దినాలకు పోయాను. పందిట్లో పాత విద్యార్థులు చాలామంది ఉన్నారు. వడ్డిస్తున్నవాళ్ళలోంచి ఒకమ్మాయి చేతులు కడుక్కుని పరుగున వచ్చింది. అనిత. ఇంటర్ పాసైందట, డిగ్రీ మధ్యలో ఆగిందట, నకిరేకల్‌లో ఒక మందుల దుకాణంలో పని. "సారుకు మందులు నేనే తెచ్చి ఇస్తుంటి మేడం" అంది. నేను ఒక్కసారీ రాని ఇంటికి ఆమె వస్తూనే ఉందన్నమాట.

ఇద్దరం గోడ నీడకు కూర్చున్నాం. ఏదో మాట్లాడాలి కాబట్టి, "అప్పుడు నిన్ను మస్తు సతాయించిన" అన్నాను.

"లేదు మేడం, మీరు చానా కష్టపడ్డరు." తడిచేతులు చున్నీకి తుడుచుకుంది. "కానీ మేడం, కోపానికి రావద్దు. మీరు చెప్తుంటె నాతోని కాకుంట ఎవ్వలితోనో కొట్లాడుతున్నట్టు ఉండేది. నాకు గా భయంల ఏం ఎక్కకపోయేది."

ఆమె సర్దుకుని, నన్ను ఊరడించడానికన్నట్టు చెప్పింది: "పదిల ఉన్నప్పుడు మీ బస్సు రాకముందు పొద్దున సారు నాకు వరండాల చెప్పేటోడు. రోజు ఒక్క అర్ధగంట."

"ఏ సారు?"

"పెద్దసారే. మీకు చెప్పొద్దన్నడు, మేడం మనసు కష్టపెట్టుకుంటది అన్నడు. మీరు బుక్కు ఇసిరిన తెల్లారి మొదలువెట్టిండు. నన్ను మల్ల వరండాల నడువుమన్నడు. ఆరుల నూట ఇరవై వచ్చినయి గదా, పదిల నూరే వచ్చినయి. వరండా చిన్నగ అయిందా బిడ్డా అని అడిగిండు. నేను మస్తు సేపు ఆలోచన చేసి, లేదు సార్, నా కాలు పెరిగింది అన్న. ఎట్లొచ్చింది అన్నడు. చెప్పిన. గప్పుడు ఆయన కూడ నడిచిండు మేడం, గోడ పట్టుకొని, మోకాళ్ళు పట్టుకొని. ఎనభై వచ్చినయి. నావి అయిదైతె ఆయనవి నాలుగు. నిష్పత్తులన్నీ గా వరండాలనే వచ్చినయి నాకు."

నాతో ఎనిమిదేళ్ళు బుర్ర పెరగదు అని కొట్లాడిన మనిషి, నా వెనకాల ఆ పిల్లతో కాలు పెరిగింది అనిపించాడు! తను రాసిన మూడును తనే చెరిపేయడానికి పొద్దున్నే మోకాళ్ళు ఈడ్చుకుంటూ నడిచాడు. లేక, ఆ మూడు ఆయనకు నిజంగానే గుర్తులేదా? ఆ ఒక్క పాయింటు ఎవరిది? నాదా, పదిహేను ప్రశ్నలదా, ఆయనదా, లేక అనితలో ముందే ఉందా? అడుగుదామంటే ఆయన ఫోటోకు దండ వేసి ఉంది. ఎంత మోసం సార్ ఇది! అక్కడే కూర్చుని ఏడ్చాను. అనిత నా వీపు నిమిరింది, ఆమె టీచరు, నేను పిల్ల అయినట్టు.

బయల్దేరేటప్పుడు ఆయన భార్య లోపల నుంచి ఒక కవరు తెచ్చింది. "లెక్కల మేడంవు నువ్వేనా బిడ్డా? గిది నీకు ఇయ్యమన్నడు." ఖాకీరంగు కవరు, ఎర్రగా ఎండిన తుమ్మబంక. ఆయన రిటైరయ్యే ముందు ఆరో తరగతికి రాసిన ఆఖరి కవరు. ఆ పిల్లలే ఇప్పుడు నా పదో తరగతి. పాయింట్లు పోయి మళ్ళీ మార్కులు వచ్చాయి కానీ, గట్టెక్కేవాళ్ళూ తప్పేవాళ్ళూ అట్లాగే ఉన్నారు.

నేను విప్పలేదు. ఈసారి విప్పను. ఆ మాట గర్వంగానే అనుకున్నాను.

మరునాడు స్పెషల్ క్లాసులో రేణుక లేచింది. చివరి బెంచీ పిల్ల. "సమజ్ కాలే మేడం, ఇంకొక్కసారి చెప్పరా?" మూడోసారి అడగడం. నా లోపల అంకె ఒకటి టక్కుమంది. మూడు. ఏ కవరూ విప్పక్కర్లేదు, ఆ అంకె నేనే ఎప్పుడో రాసుకున్నాను. కాగితం మీద రాయలేదు కాబట్టి అంటించనూ లేదు.

నా మీద నాకే అసహ్యం వేసి, రేణుకను వరండాలోకి పిలిచాను. "ఈ కొస నుంచి ఆ కొసకు అడుగుకు అడుగు పెట్టి నడువు." నడిచింది. నూట నాలుగు అంది.

"మరి నేను నడిస్తె ఎన్నొస్తయ్?"

రేణుక నా వంక చూసి, తల దించుకుని, "గన్నే మేడం" అంది.

"తప్పు," అన్నాను.

అనేశాక చూశాను. ఆ పిల్ల చెప్పు విడిచి, తన పాదాన్ని నా పాదం పక్కన పెట్టింది. రెండూ ఒక్కటే కొలత.